పాత కార్వెట్‌లో కొత్త తెర: సీ6 స్టీరియో మార్చేవాళ్లకు ఏది తగినది?

షెవ్రొలే కార్వెట్ ఆరో తరాన్ని అందరూ సీ6 అంటారు. 2005 నుంచి 2013 మోడల్ సంవత్సరాల దాకా కెంటకీలోని బౌలింగ్ గ్రీన్ ఫ్యాక్టరీలో తయారైన కారిది. మొదట్లో 6.0 లీటర్ల ఎల్ఎస్2 ఇంజనుతో 400 హార్స్‌పవర్ ఇచ్చేది. 2008 నుంచి 6.2 లీటర్ల ఎల్ఎస్3 వచ్చి 430కి పెంచింది. ఇంజను ఇవాళ్టికీ ఎవరి ముందూ తల దించుకోదు. డ్యాష్‌బోర్డు మధ్యలోని స్టీరియో మాత్రం దించుకుంటుంది. నావిగేషన్ తీసుకున్న కార్లలో మ్యాపులు డీవీడీ నుంచి వస్తాయి. తీసుకోని కార్లలో సీడీ, రేడియో తప్ప చెప్పుకోదగ్గది లేదు. రివర్స్ కెమెరా అయితే ఈ తరంలో అసలు ఇవ్వనేలేదు.

అమెరికాలో ఉంటూ ఇలాంటి కారు సెకండ్ హ్యాండ్‌లో కొన్నవాళ్లు కొద్ది వారాల్లోనే ఈ ప్రశ్న దగ్గరికి వస్తారు. మార్కెట్లో దొరికే సరుకు ఎంతో ఉంది కాబట్టే ఎంచుకోవడం కష్టం. చాలామంది ముందు తెర కొంటారు, తర్వాత మిగతావి ఆలోచిస్తారు. నా అభిప్రాయంలో అది తలకిందుల పద్ధతి. ఈ కారులో ముందు తేల్చుకోవలసినవి రెండు: కెమెరా ఎక్కడ పెడతారు, కొత్త స్టీరియోకూ కారుకూ మధ్య ఏ అడాప్టర్ కూర్చుంటుంది. తెర ఆ తర్వాతి సంగతి.

## దేనితో కొలవాలి

వెనుక చూపు. గట్టి పైకప్పున్న రకమైన కూపేలో వెనుక అద్దం పెద్దదే అయినా అది బాగా పైకి ఉంటుంది. బంపర్ వెనుక ఉన్న నేల, చిన్న స్తంభం, పిల్లవాడి సైకిల్ దానిలోంచి కనబడవు. కన్వర్టిబుల్‌లో గుడ్డ టాప్ వేస్తే ఆ కాస్త చూపూ కుంచించుకుపోతుంది. కాబట్టి కెమెరా అలంకారం కాదు. నాకు ఇదే మొదటి కొలత.

కారుతో కుదరడం. సీ6లో రేడియో పాటలు పాడి ఊరుకోదు. లైట్లు ఆర్పలేదు వంటి హెచ్చరిక శబ్దాలు దాని గుండానే వస్తాయి. స్టీరింగ్ మీద ఆడియో బటన్లు ఉన్న కార్లలో వాటి సంకేతాలూ రేడియోకే వెళ్తాయి. రేడియో పీకేసి సాధారణ తీగలతో కొత్తది బిగిస్తే ఇవన్నీ మూగబోతాయి. షెవ్రొలే మాతృసంస్థ జనరల్ మోటార్స్ కార్ల డేటా భాష తెలిసిన అడాప్టర్ మధ్యలో ఉంటేనే నిలుస్తాయి. మొబైల్ నెట్‌వర్క్ ద్వారా నడిచే కంపెనీ సహాయ సేవ ఆన్‌స్టార్ గురించి మాత్రం బెంగ అక్కర్లేదు. 2022లో అమెరికా కంపెనీలు పాత 3జీ నెట్‌వర్కులు మూసేయడంతో ఆ తరం ఆన్‌స్టార్ పరికరాల పని ముగిసింది. దాన్ని నిలబెడతామని అడాప్టర్‌కు ఎవరైనా ఎక్కువ ధర చెబితే నవ్వి ఊరుకోవచ్చు.

ఎండ. కూపేకు పైకప్పు పలక ఊడదీయవచ్చు. కన్వర్టిబుల్ సంగతి చెప్పనక్కర్లేదు. టెక్సస్ మధ్యాహ్నం ఎండ నేరుగా తెర మీద పడుతుంది. దుకాణంలో ధగధగలాడిన తెర అక్కడ నల్లటి అద్దంలా మారి మీ ముఖాన్నే మీకు చూపిస్తుంది. వెలుతురు ఎక్కువ, మెరుపు తక్కువ ఉన్న తెరే ఈ కారుకు తగినది. పరిమాణం రెండో విషయం.

చేతికి అందే బటన్లు. గట్టి సస్పెన్షన్, వెడల్పు టైర్లు, గతుకుల రోడ్డు. వేలు ఒకచోట పెట్టబోతే ఇంకోచోట పడుతుంది. శబ్దం తగ్గించడానికి తిప్పే నాబ్ ఉన్న యూనిట్‌కు నేను రెండు మార్కులు ఎక్కువ వేస్తాను.

సౌండు. బోస్ సిస్టం ఉన్న కార్లలో స్పీకర్లు, యాంప్లిఫయర్ ఒకదానికొకటి జతగా రూపొందించినవి. స్పీకర్ల నిరోధం బయట దొరికేవాటి కంటే తక్కువగా ఉంటుంది. ఒకటి మార్చి ఇంకొకటి ఉంచితే పేచీ వస్తుంది. స్టీరియో మాత్రమే మార్చి బోస్‌ను అలాగే ఉంచదలిస్తే యాంప్లిఫయర్‌ను మేల్కొలిపే సంకేతం అడాప్టర్ నుంచే రావాలి.

వెనక్కి తిరిగే దారి. ఈ కారును రేపు కొనేవాడు పాత రూపాన్ని ప్రేమించేవాడు కావచ్చు. తీగలు కత్తిరించకుండా, ప్లాస్టిక్ కోయకుండా చేసిన పని ఎప్పుడైనా విప్పుకోవచ్చు. తీసిన స్టీరియోను పెట్టెలో పెట్టి అటక మీద దాచండి.

ధర కూడా కొలతే. కానీ అందులో ఒక మోసం ఉంది. స్టీరియో పెట్టె మీద రాసిన ధర మొత్తం ఖర్చులో సగం దాకా మాత్రమే ఉండవచ్చు. అడాప్టర్, డ్యాష్ ఫ్రేము, ఆంటెనా జాయింటు, కెమెరా, కూలి కలిపితేనే అసలు లెక్క.

## మొదటి దారి: ఉన్నదాన్ని కదిలించకపోవడం

ఫోనుకు ఒక స్టాండు, వెనుక చూపుకు అద్దంలో తెర ఉన్న కెమెరా. రియర్‌వ్యూ అద్దం మీద తొడిగేవో, దాని స్థానంలో బిగించేవో దొరుకుతాయి. డ్యాష్‌బోర్డు మీద విడిగా నిలబెట్టే చిన్న కార్‌ప్లే తెరలు కూడా ఈ కోవలోవే (ఫోనులోని మ్యాపు, పాటలను కారు తెర మీదికి తెచ్చేది ఐఫోన్‌కు కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఫోనుకు ఆండ్రాయిడ్ ఆటో). వాటిలో కొన్ని రివర్స్ కెమెరాతో కలిపి వస్తాయి. స్టాండుకు ముప్పై నలభై డాలర్లు, తెర లేదా అద్దం కెమెరాకు నూట యాభై నుంచి మూడు వందల డాలర్లు పెట్టుకుంటే చాలు.

డ్యాష్‌బోర్డు జోలికి వెళ్లం కాబట్టి హెచ్చరిక శబ్దాలు, బోస్, అన్నీ యథాతథంగా ఉంటాయి. కారును పూర్తి ఒరిజినల్‌గా ఉంచాలనుకునే వాళ్లకు, ముఖ్యంగా మైళ్లు తక్కువ తిరిగిన జడ్06 లాంటి ఎక్కువ శక్తి రకాలు ఉన్నవాళ్లకు, ఇంతకంటే మంచి సలహా నా దగ్గర లేదు.

లోపం పాటల దగ్గర కనిపిస్తుంది. విడి తెరల్లో చాలా భాగం ఎఫ్ఎం ట్రాన్స్‌మిటర్ ద్వారా కారు రేడియోకు పాట పంపుతాయి. పెద్ద నగరంలో ఖాళీ ఫ్రీక్వెన్సీ దొరకడమే గగనం. దొరికినా రెండు వీధులు దాటేసరికి ఏ స్టేషనో వచ్చి మీద పడుతుంది. మీ కారు స్టీరియోకు ఆక్సిలరీ పోర్టు ఉంటే ఈ బాధ లేదు. సీ6 ఉత్పత్తి మొదటి రోజుల కార్లలో అది ఉందనుకుని కొనకండి, ముందుగా స్టీరియో ముందు భాగంలో వెతికి చూడండి.

ఇంకొకటి, చట్టం. కారు ముందు అద్దం మీద ఏది ఎక్కడ అతికించవచ్చన్నది రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. కాలిఫోర్నియాలో ఫోను స్టాండుకు ముందు అద్దం కింది మూలల్లోనే అనుమతి: డ్రైవర్ వైపు మూలలో 5 అంగుళాల చదరం, అవతలి వైపు మూలలో 7 అంగుళాల చదరం. సీ6 ముందు అద్దం బాగా వాలుగా ఉంటుంది కాబట్టి అక్కడికి చెయ్యి చాచడం కూడా ఒక వ్యాయామమే.

## రెండో దారి: కారుతో వచ్చిన నావిగేషన్ యూనిట్‌నే తెచ్చి పెట్టడం

చూడటానికి ఇదే సహజమైన దారి అనిపిస్తుంది. అదే ఫ్యాక్టరీ రూపం, అదే బటన్ల రంగు, ఎక్కడా అతుకు కనబడదు. పాత కార్ల విడిభాగాల దుకాణాల్లో నావిగేషన్ యూనిట్లు దొరుకుతాయి. వీడియో ఇన్‌పుట్ ఇచ్చే పెట్టె ఒకటి తగిలించి కెమెరా కూడా కలపవచ్చు.

కానీ జనరల్ మోటార్స్ రేడియోలకు దొంగతనం తాళం ఉంటుంది. యూనిట్ ఏ కారులో మొదట బిగించారో ఆ కారు గుర్తింపు సంఖ్యను గుర్తు పెట్టుకుంటుంది. వేరే కారులో పెడితే తెర మీద తాళం పడినట్టు రాసి కూర్చుంటుంది. విప్పడానికి డీలర్ దగ్గరికో, ఆ పని తెలిసినవాళ్ల దగ్గరికో వెళ్లాలి. అంత కష్టపడి చివరికి తెచ్చుకునేది డీవీడీ మ్యాపు. దానిలో కొత్త బైపాస్‌లు లేవు, ట్రాఫిక్ లేదు, మీ కాలనీయే లేకపోవచ్చు. కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటో రెండూ లేవు.

ప్రదర్శనల్లో కారు నిలబెట్టి మార్కులు పోగేసేవాళ్లు తప్ప మరెవరూ ఈ దారిన వెళ్లకండి. ఇంతకు మించి దీనిమీద సిరా ఖర్చు చేయను.

## మూడో దారి: పేరున్న బ్రాండు డబుల్ డిన్ యూనిట్

పయనీర్, కెన్‌వుడ్, ఆల్పైన్, సోనీ, జేవీసీ వంటివి తయారుచేసే, డబుల్ డిన్ అనే ప్రామాణిక కొలతలో ఉండి డ్యాష్‌బోర్డు ఖాళీలో సరైన ఫ్రేముతో కూర్చునే యూనిట్లివి. తెర సాధారణంగా 7 అంగుళాలకు కాస్త అటూ ఇటూ. కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటో ఉన్న యూనిట్ నాలుగైదు వందల డాలర్ల దగ్గర మొదలై వెయ్యి దాటుతుంది. అడాప్టర్, ఫ్రేము కలిపి ఇంకో రెండు మూడు వందలు, కెమెరా యాభై నుంచి నూట యాభై. దుకాణంలో బిగిస్తే కూలి అదనం. నాలుగు నుంచి ఆరు గంటల పని అనుకుని లెక్క వేసుకోండి.

ఎక్కువమందికి నా ఓటు దీనికే. కారణం బ్రాండు మీద మోజు కాదు. ఈ కంపెనీల యూనిట్లకు పని చేసే అడాప్టర్లు తయారుచేసేవాళ్లు వేరే ఉన్నారు. ఏ కారుకు ఏ యూనిట్ నప్పుతుందో సంవత్సరాల వారీగా జాబితా పెడతారు. హెచ్చరిక శబ్దాలు, స్టీరింగ్ బటన్లు, బోస్ యాంప్లిఫయర్ మేల్కొలుపు, అన్నీ ఆ జాబితాలో రాసి ఉంటాయి. ఖరీదైన అడాప్టర్లు కొన్ని కార్లలో ఇంజను ఉష్ణోగ్రత, టైర్ల గాలి ఒత్తిడి వంటివి కూడా తెర మీదికి తెస్తాయి. మీ కారు సంవత్సరం పక్కన ఆ సదుపాయం టిక్కు పడి ఉందో లేదో చూసుకున్నాకే అదనపు డబ్బు ఇవ్వండి.

కొనేటప్పుడు నేను పట్టుబట్టేవి నాలుగు. కెపాసిటివ్ తెర ఉండాలి. వేలు గట్టిగా నొక్కితే గాని స్పందించని పాత రకం రెసిస్టివ్ తెర ఇప్పటికీ చవక మోడళ్లలో తిరుగుతోంది. కెమెరా ఇన్‌పుట్లు రెండు ఉండాలి, ఎందుకో కింద చెబుతాను. శబ్దానికి నాబ్, లేదా కనీసం అసలైన బటన్లు ఉండాలి. యాంప్లిఫయర్ పెట్టే ఆలోచన ఉంటే ప్రీ అవుట్ (యాంప్లిఫయర్‌కు పాట పంపే సంకేతం) వోల్టేజి ఎక్కువ ఉన్నది చూడాలి.

వైరు లేని కార్‌ప్లే కావాలా అన్నది వ్యక్తిగతం. వారాంతంలో అరగంట తిరిగి వచ్చేవాళ్లకు అది హాయి. ఫోను జేబులోనే ఉంటుంది, ఎక్కగానే అతుక్కుంటుంది. ఆరు గంటల ప్రయాణంలో మాత్రం ఫోను బ్యాటరీ కరిగిపోతుంది, వేడెక్కుతుంది కూడా. అప్పుడు ఎలాగూ తీగ పెట్టాల్సిందే. కాబట్టి ఆ ఒక్క సదుపాయం కోసం రెండు వందల డాలర్లు ఎక్కువ పెట్టనవసరం లేదు.

తెలుగువాళ్లకు ఇందులో ఒక ప్రత్యేక లాభం ఉంది. యూఎస్‌బీలో పాటలు వేసుకుని పెడితే చాలా స్టీరియోలు తెలుగు అక్షరాలను చదవలేవు. పాట పేరు ఉండాల్సిన చోట వరసగా డబ్బాలు కనిపిస్తాయి. కార్‌ప్లే, ఆండ్రాయిడ్ ఆటోలలో తెర మీద బొమ్మ గీసేది ఫోనే కాబట్టి ఘంటసాల పేరు ఘంటసాల పేరులాగే కనిపిస్తుంది.

## నాలుగో దారి: సీ6 కోసమే చేశామనే పెద్ద ఆండ్రాయిడ్ తెరలు

డ్యాష్‌బోర్డు ఆకారానికి సరిపడే ఫ్రేముతో సహా 9, 10 అంగుళాల తెరలు ఆన్‌లైన్‌లో అమ్ముతారు. ఫొటోలో చూస్తే మనసు లాగుతుంది. ఫ్రేము, తీగలు, చిన్న కెమెరా అన్నీ ఒకే పెట్టెలో వస్తాయి. మొత్తం ధర కూడా బ్రాండు యూనిట్ ఒక్కదాని ధరలోపే ఉంటుంది. ఫోను అవసరం లేకుండా మ్యాపు యాప్‌ను నేరుగా దాని మీదే నడపవచ్చు.

ఇవి పూర్తిగా పనికిరానివని చెప్పను. కానీ ఇక్కడ మీరు కొంటున్నది ఒక టాబ్లెట్. టాబ్లెట్ లాగే రెండు మూడేళ్లకు మందగిస్తుంది, అప్‌డేట్లు ఆగిపోతాయి. చల్లగా ఉన్న కారులో స్టార్ట్ చేయగానే తెర లేచేదాకా ఆగాలి. వాకిట్లోంచి రివర్స్ తీసేది సరిగ్గా ఆ నిమిషంలోనే. తెర లేవకముందే కారు రోడ్డు మీదికి వచ్చేస్తే కెమెరా పెట్టి ఏం లాభం? కొన్ని యూనిట్లు కెమెరా బొమ్మను ముందుగా చూపించేలా చేస్తాయి. కొనేముందు అడగవలసిన మొదటి ప్రశ్న ఇదే.

రెండోది డేటా డబ్బా. పెట్టెలో వచ్చే చిన్న డీకోడరే ఇక్కడ అడాప్టర్ పని చేయాలి. హెచ్చరిక శబ్దాలు వస్తాయా, బోస్ యాంప్లిఫయర్ పలుకుతుందా అంటే అమ్మేవాడు అన్నిటికీ అవుననే అంటాడు. మీ సంవత్సరం, మీ ట్రిమ్ (కారు రకం) కారులో బిగించినవాళ్ల అనుభవం దొరక్కపోతే అడుగు వేయకండి. వెనక్కి పంపే గడువు, రవాణా ఖర్చు ఎవరిదో ముందే చదవండి.

బ్రాండు కంపెనీలు కూడా ముందుకు పొడుచుకొచ్చే పెద్ద తెరలు చేస్తాయి. ఆ రకం చూసేవాళ్లు టేపు పట్టుకుని కొలవండి. గాలి వచ్చే రంధ్రాలకూ, కింద ఏసీ బటన్లకూ తెర అడ్డుపడుతుందా? మాన్యువల్ గేరున్న కారులో ముందు వైపు గేర్లు వేసేటప్పుడు వేళ్లు తెర అంచుకు తగులుతాయా? కాగితం అట్టను తెర సైజుకు కత్తిరించి అతికించి ఒక సాయంత్రం నడిపి చూస్తే తేలిపోతుంది.

## నాలుగూ పక్కపక్కన

| కొలత | ఉన్నదే ఉంచి ఫోను, అద్దం కెమెరా | ఫ్యాక్టరీ నావిగేషన్ యూనిట్ | బ్రాండు డబుల్ డిన్ | పెద్ద ఆండ్రాయిడ్ తెర |
|---|---|---|---|---|
| వెనుక చూపు | బాగుంటుంది, తల పైకెత్తి చూడాలి | అదనపు పెట్టెతో సాధ్యం | చాలా బాగుంటుంది | తెర ఎంత త్వరగా లేస్తుందన్న దాన్ని బట్టి |
| హెచ్చరిక శబ్దాలు, బటన్లు | చెక్కు చెదరవు | చెక్కు చెదరవు | సరైన అడాప్టర్‌తో నిలుస్తాయి | చెప్పలేం, అడిగి కొనాలి |
| ఎండలో తెర | ఫోను మీద ఆధారం | పాత తెర, మసక | మోడల్ చూసి ఎంచుకోవచ్చు | ఎక్కువగా మెరుస్తుంది |
| దారి చూపడం | ఫోను | పాత డీవీడీ మ్యాపు | ఫోను, కొన్నింటిలో సొంత మ్యాపు | సొంత యాప్ లేదా ఫోను |
| సౌండు | పాతదే | పాతదే | మెరుగు | సాధారణం |
| విప్పి పాతది పెట్టడం | చాలా తేలిక | తేలిక | తేలిక, తీగలు కోయకపోతే | తేలిక, తీగలు కోయకపోతే |
| సుమారు మొత్తం, కూలి కాక | 200–350 డాలర్లు | తాళం విప్పించే ఖర్చును బట్టి | 750–1,500 డాలర్లు | 300–600 డాలర్లు |

## కెమెరా గురించి కాస్త వివరంగా

వెనక్కి తీస్తున్న కారు కింద పడి చనిపోయిన రెండేళ్ల బాలుడి పేరిట అమెరికా కాంగ్రెస్ 2008లో ఒక చట్టం చేసింది. దాని ఫలితంగా 2018 మే 1 నుంచి తయారయ్యే కొత్త కార్లన్నిటికీ రివర్స్ కెమెరా తప్పనిసరి అయింది. గేరు రివర్స్‌లో వేశాక 2 సెకన్లలోపు బొమ్మ రావాలని, బంపర్ వెనుక 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు నేల కనబడాలని నియమం. పాత కారులో మనం బిగించుకునేదానికి ఈ నియమం వర్తించదు. కానీ కొలతగా వాడుకోవడానికి ఇంతకంటే మంచిది లేదు. బిగించాక వెనుక 10 అడుగుల వెడల్పులో నాలుగు డబ్బాలు పెట్టి తెరలో కనిపిస్తున్నాయో లేదో చూడండి.

సీ6లో కెమెరా బిగించడానికి ఒక విచిత్రమైన ఇబ్బంది ఉంది. శరీరం ఇనుము కాదు, కాంపోజిట్. అయస్కాంతంతో అతికే కెమెరా, జీపీఎస్ ఆంటెనా ఏవీ దీనిమీద నిలవవు. అంతకంటే ముఖ్యం, ఎర్త్ తీగను దగ్గర్లోని ఏదో ఒక స్క్రూకు చుట్టేస్తే పని చేయదు. ఆ పలకలో కరెంటు పారదు కదా. రివర్స్ లైటు దగ్గరి ఎర్త్ తీగకో, కింద ఫ్రేముకో కలపాలి. మామూలు కార్లు చేసి అలవాటైన కుర్రవాడు దుకాణంలో ఇక్కడే బోల్తా పడతాడు. బొమ్మ మిణుకుమిణుకుమంటే మొదట చూడవలసిన చోటు ఇదే.

అదే శరీరం వల్ల ఒక మేలు కూడా ఉంది. కాంపోజిట్ గుండా ఉపగ్రహ సంకేతం దూసుకొస్తుంది. జీపీఎస్ ఆంటెనాను డ్యాష్‌బోర్డు పైభాగం కింద దాచేయవచ్చు, పైన అంటించి కారు అందం చెడగొట్టనక్కర్లేదు.

కెమెరా చోటు విషయంలో రెండే మంచి ఎంపికలు. నంబర్ ప్లేటు ఫ్రేములో ఇమిడినది పెడితే ఎక్కడా రంధ్రం వేయనక్కర్లేదు, రేపు ఊడదీస్తే ఆనవాలు ఉండదు. ప్లేటు గూడు పైఅంచు కింద చిన్న కెమెరా పెడితే ఇంకా అందంగా కలిసిపోతుంది, కానీ రంధ్రం పడుతుంది. అరుదైన ట్రిమ్ ఉన్నవాళ్లు రెండోదాని జోలికి పోవద్దు.

వైర్‌లెస్ కెమెరా బిగించడం తేలికే. ఇంటి వైఫై, పక్క కారు బ్లూటూత్ మధ్య దాని బొమ్మ అప్పుడప్పుడు ఆగుతుంది. సరిగ్గా ఆగకూడని చోట ఆగుతుంది. కూపేలో వెనుక నుంచి ముందుకు తీగను కార్పెట్ అంచు కింద, తలుపు గడప పక్కన లాగవచ్చు. ఒక పూట పని. ఆ పూట పని తప్పించుకోకండి.

హెచ్‌డీ కెమెరా కొనేముందు మీ యూనిట్ ఏ రకం సంకేతం తీసుకుంటుందో చూడండి. చాలా బ్రాండు యూనిట్లు పాత రకం ఎన్‌టీఎస్‌సీ సంకేతమే తీసుకుంటాయి. ఏహెచ్‌డీ అనే హెచ్‌డీ రకం కెమెరా తగిలిస్తే వాటిలో నల్లటి తెర తప్ప ఏమీ రాదు.

ఇక రెండో కెమెరా ఇన్‌పుట్ ఎందుకంటే, సీ6 ముక్కు కోసం. ముందు భాగం పొడవు, నేలకు దగ్గర. పార్కింగ్ స్థలాల్లో ఉండే కాంక్రీటు అడ్డుకట్టలు దాని కింది అంచును గీరేస్తాయి. సీ6 యజమానులు వెనుక కంటే ముందు ఎక్కువ గీతలు పడేసుకుంటారని నా నమ్మకం. కార్వెట్ ఇప్పటి తరంలో కంపెనీయే ముక్కు ముందరి నేలను చూపే కెమెరాలను ఇస్తోంది. ముందు కెమెరా ఇవాళ పెట్టకపోయినా ఇన్‌పుట్ ఉన్న యూనిట్ కొని ఉంచుకుంటే తర్వాత డ్యాష్ విప్పినప్పుడు చేయవచ్చు.

## దారి చూపించేది ఎవరు

సొంత మ్యాపు ఉన్న యూనిట్‌కు ఇప్పుడు డబ్బు పెట్టవద్దు. ఒకప్పుడు పయనీర్ అవిక్ వరుస, గార్మిన్ మ్యాపులతో కెన్‌వుడ్ డీఎన్‌ఎక్స్ వరుస దీనికి పేరుపడ్డాయి. అవి మంచివే. కానీ ఫోను మ్యాపు తాజాగా ఉంటుంది, ట్రాఫిక్ చూపిస్తుంది, ఉచితం.

దీనికి ఎదురు వాదన ఒకటి ఉంది, కార్వెట్ యజమానుల నోట తరచూ వచ్చేదే. సరదాగా నడపడానికి వెళ్లే రోడ్లలో ఫోను సిగ్నల్ ఉండదు. టెనెసీ, నార్త్ కరోలినా సరిహద్దులో యూఎస్ 129 రహదారి మీద టెయిల్ ఆఫ్ ద డ్రాగన్ అని పిలిచే 11 మైళ్ల ముక్క ఉంది. అందులో 318 మలుపులని చెప్పుకుంటారు. ఆ కొండల్లో ఫోనులో గీతలు మాయమవుతాయి. నిజమే. అయితే ఆ ప్రాంతం మ్యాపును ముందు రోజు ఇంట్లో వైఫైలో దించుకుంటే సరిపోతుంది. జీపీఎస్‌కు ఫోను నెట్‌వర్క్ అక్కర్లేదు. ఆఫ్‌లైన్‌లో ట్రాఫిక్ మాత్రం రాదు, అక్కడ మీకది అవసరమూ లేదు. ఏటా చాలా రోజులు ఇలాంటి చోట్లే తిరిగేవాళ్లయితే సొంత మ్యాపు ఉన్న యూనిట్ గురించి ఆలోచించండి. మిగతావాళ్లకు ఆ డబ్బు మంచి కెమెరాకు పనికొస్తుంది.

## మీరు ఎవరు?

రోజూ ఆఫీసుకు ఇదే కారులో వెళ్లేవాళ్లు: బ్రాండు డబుల్ డిన్, వైరు లేని కార్‌ప్లే, ప్లేటు ఫ్రేము కెమెరా. రోజూ ఎక్కి దిగే కారులో ఆ చిన్న సౌకర్యానికి విలువ ఉంది. మైక్రోఫోను ఎక్కడ పెడుతున్నారో అడగండి. స్టీరింగ్ స్తంభం పక్కన పెడితే మీ గొంతు వినిపిస్తుంది, అద్దం పైన పెడితే గాలి వినిపిస్తుంది.

కన్వర్టిబుల్ ఉన్నవాళ్లు: తెర వెలుతురుకే మొదటి ప్రాధాన్యం. ఎండ ఉన్నప్పుడు దుకాణం బయటికి తెచ్చి చూపించమని అడగండి, ఒప్పుకోకపోతే వేరే దుకాణం చూసుకోండి. టాప్ వేసినప్పుడు చూపు తక్కువ కాబట్టి కెమెరా విషయంలో పిసినారితనం వద్దు.

జడ్06, జడ్ఆర్1, లేదా మైళ్లు తక్కువ తిరిగిన కారు ఉన్నవాళ్లు: మొదటి దారి. ఇంకా ఏదైనా కావాలనిపిస్తే మూడోది, కానీ ఒక్క తీగ కూడా కోయకుండా.

బడ్జెట్ అయిదు వందల డాలర్లు దాటకూడదనేవాళ్లు: ఆండ్రాయిడ్ తెర పిలుస్తుంది. వినకండి. బ్రాండు యూనిట్లలో కార్‌ప్లే ఉన్న కింది మోడల్‌ను వాడినది కొనండి, అడాప్టర్ కొత్తది కొనండి. పని మీరే చేసుకోండి. లేదా ఈ ఏడాదికి మొదటి దారిలో ఆగండి.

పాటల కోసమే మారుస్తున్నవాళ్లు: స్టీరియో ఒక్కటే మార్చి అద్భుతం ఆశించవద్దు. అసలు తేడా స్పీకర్లు, యాంప్లిఫయర్ మారిస్తేనే వస్తుంది. ఈ కారులో టైర్ల హోరు వెనుక నుంచి నేరుగా చెవిలో పడుతుంది. కొంత డబ్బు వెనుక భాగంలో శబ్దం ఆపే పొరకు పెట్టినా ఫలితం తెలుస్తుంది.

## బిగించే రోజు

డ్యాష్ మధ్య పలక, గేరు చుట్టూ ఉన్న పలక విప్పాలి. ఓపిక ఉన్నవాళ్లు ఒక వారాంతంలో చేసుకోవచ్చు. అడాప్టర్ తీగలను బల్ల మీదే, కారు బయటే కలుపుకోండి. అన్నీ కలిపాక పలకలు బిగించకముందే పరీక్షించండి: తలుపు తీసి లైట్లు ఆర్పకుండా హెచ్చరిక శబ్దం, స్టీరింగ్ బటన్లు, నాలుగు వైపులా స్పీకర్లు, రివర్స్ గేరు, రాత్రి లైట్లు వేసినప్పుడు తెర మసకబారడం.

దుకాణానికి ఇచ్చేవాళ్లు అడగవలసినవి: ఇదివరకు సీ6 చేశారా, ఏ అడాప్టర్ వాడతారు, తీగలు కోస్తారా జాయింటుతో కలుపుతారా, పాత స్టీరియో తిరిగి ఇస్తారా. హ్యాండ్ బ్రేకు వేసి ఉంటేనే వీడియో ఆడనిచ్చే తీగను తప్పుదారి పట్టిస్తామని వాళ్లంతట వాళ్లే చెబితే వద్దనండి. నడుస్తున్న కారులో డ్రైవర్‌కు కనిపించే తెర మీద సినిమా ఆడించడం చాలా రాష్ట్రాల్లో చట్టవిరుద్ధం.

పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీయాలి. మామూలు సీ6లో బ్యాటరీ ముందు బానెట్ కింద, జడ్06లో వెనుక. ఇక్కడ ఈ కారు గురించి తెలియనివాళ్లు ఇరుక్కుంటారు. సీ6 తలుపులకు బయట మామూలు పిడి లేదు, లోపల కూడా బటనే. అన్నీ కరెంటుతో పని చేస్తాయి. బ్యాటరీ తీసి తలుపులు మూసేస్తే అవి తెరుచుకోవు. లోపల ఉంటే డ్రైవర్ సీటు పక్కన నేల మీద చేత్తో లాగే పిడి ఉంటుంది. బయట ఉంటే కారు వెనుక భాగంలో తాళం చెవి పెట్టే రంధ్రంతో వెనుక తలుపు తెరిచి, లోపలి తీగ లాగి డ్రైవర్ తలుపు విప్పాలి. తాళం చెవి జేబులో పెట్టుకోండి, డ్రైవర్ వైపు కిటికీ అద్దం ముందే దించేసి పని మొదలుపెట్టండి. బ్యాటరీ తిరిగి కలిపాక తలుపు తీసినప్పుడు అద్దం కాస్త కిందికి దిగాలి. దిగకపోతే అద్దాన్ని పూర్తిగా పైకి ఎత్తి బటన్‌ను కొన్ని క్షణాలు నొక్కి పట్టుకోండి, అది మళ్లీ తన చోటు నేర్చుకుంటుంది.